బరువు దిగిన బండి

నా చిన్నప్పుడు మా మేనమామకు ఒక బండి ఉండేది. బండి అంటే ఎడ్లబండి కాదు, మోటారు బండి. ముందు ఇద్దరు ఇరుక్కుని కూర్చునే గది, వెనక చెక్క పలకలు బిగించిన తెరిచిన తొట్టి. ఎప్పుడో మిలిటరీ వాళ్లు వాడి వాడి విడిచిపెట్టిందట. తర్వాత ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదు, చివరికి మా మామ చేతికి వచ్చింది. దాని రంగు ఏమిటని అడిగితే మా ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో రంగు చెప్పేవారు. మా అవ్వ మాత్రం దాన్ని ముసలి బర్రె అనేది. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. మా మామ అవ్వకు సొంత అన్న. ఆ బర్రె మీద ఎన్ని సూటిపోటి మాటలు వేసినా నవ్వుకుంటూ పోయేవాడు తప్ప తిరిగి ఒక్క మాట అనేవాడు కాదు.

మా ఊరు గోదావరిఖనికి కొంచెం ఎడంగా, ఏటి వైపు ఉండేది. మా బాపు బొగ్గు గనిలో పని చేసేవాడు. గనిని మేము బాయి అనే అంటాం. తెల్లవారక ముందే సద్ది కట్టుకుని సైకిల్ ఎక్కి షిఫ్టుకు పోయేవాడు. ఆయన తిరిగి వచ్చి సైకిల్ గోడకు ఆనించేదాకా అవ్వ ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. బాయిలో బండ కూలి చనిపోయినవాళ్ల ఇళ్లు మా వాడలోనే ఉన్నాయి. అవ్వ భయమంతా ఆ బాయి మీదే పెట్టుకుంది. భూమి మీద కూడా మనిషికి ఏమైనా కావచ్చని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

అవి రామగుండం వైపు కొత్త కర్మాగారాలు, కొత్త క్వార్టర్లు లేస్తున్న రోజులు. ఎక్కడ చూసినా గోడలు కట్టేవాళ్లే. మా మామ ఏట్లో ఇసుక నింపుకుని కట్టడాల దగ్గర దింపి వచ్చేవాడు. తడి ఇసుక బరువు మామూలు బరువు కాదు. తొట్టి సగం నిండేసరికే ఆ ముసలి బండి వెనక భాగం నేలకు కుంగిపోయి, ముక్కు మాత్రం ఆకాశం వైపు లేచేది. ఏటి ఒడ్డు ఎక్కేటప్పుడు తొట్టి అడుగు చక్రాలకు రాసుకుని కమురు వాసన వచ్చేది. బండి వెనక ఇరుసు మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు ఉంటాయి, వాటిని కమాన్లు అంటారు. అవి అలిసిపోయాయని మామ అనేవాడు. ఇనుము కూడా అలిసిపోతుందా అని నేను అడిగితే, అందరికంటే ముందు అదే అలిసిపోతుందని, కాకపోతే చెప్పుకోదని అన్నాడు.

ఒక వేసవిలో కమాన్లు మార్పించడానికి పోతూ నన్ను కూడా వెంట తీసుకుపోయాడు. గోదావరిఖని చౌరస్తా దాటాక రేకుల షెడ్లు వరసగా ఉండేవి. అందులో ఒక దానిలో కమాన్లు చేసే మిస్త్రీ ఒకాయన, తెల్ల గడ్డం, చెయ్యంతా కాలిన మచ్చలు. బండిని వెనక వైపు పైకి లేపి దుంగల మీద నిలబెట్టారు. తుప్పు పట్టిన బోల్టుల మీద కిరసనాయిలు పోసి, అవి నానేదాకా చాయ తాగుతూ కూర్చున్నారు. తర్వాత పట్టీల కట్టలు విప్పి నేల మీద పరిచారు. పొడుగు పట్టీ, దానికంటే పొట్టిది, దానికంటే పొట్టిది, ఇంట్లో పిల్లలను వరసగా పడుకోబెట్టినట్టే ఉన్నాయి. విరిగిన వాటిని పక్కన పడేసి, ఏదో పెద్ద లారీ నుంచి తీసిన మందపాటి పట్టీలను ఆయన సుత్తితో కొట్టి వంపు తెప్పించాడు. వాటిని పాత వాటి మధ్య జొనిపి, గ్రీసు పూసి, కట్టలు మళ్లీ బిగించాడు. దుంగలు తీసేసి దింపితే బండి వెనక భాగం ఇంతకు ముందెన్నడూ లేనంత పైకి లేచి నిలబడింది. మామ చుట్టూ తిరిగి చూసుకుని పెళ్లికొడుకులా మురిసిపోయాడు.

మిస్త్రీ మాత్రం మురిసిపోలేదు. చేతులు తుడుచుకుంటూ మామకు ఒక మాట చెప్పాడు.

"చూడు భాయ్, ఇప్పటిసంది ఇది ఖాళీగ పోయిందంటె తంతది. బరువు ఎక్కినంకనే సీదా నడుస్తది."

ఆ మాట నిజమని ఇల్లు చేరేలోపే తెలిసింది. ఖాళీ బండిలో వస్తుంటే ప్రతి గుంతకూ నేను సీటు మీద నుంచి ఎగిరి పడ్డాను. ఒకసారి నెత్తి పైకప్పుకు తగిలింది. మామ ఒక చేత్తో నన్ను పట్టుకుని ఇంకో చేత్తో బండి తోలాడు. ఇంటికి వచ్చాక అవ్వ నా నెత్తి మీద బొప్పి చూసి, ముసలి బర్రెకు కొత్త కొమ్ములు పెట్టించావా అని అన్నను దెప్పింది. ఆ తర్వాత సెలవుల్లో ఏటికి పోయేటప్పుడు అప్పుడప్పుడు మామ పక్కన కూర్చునేదాన్ని. పోయేటప్పుడు నడుము విరిగేది. ఇసుక నింపుకుని వచ్చేటప్పుడు నిద్ర వచ్చేది. అంతకు మించి నేనేమీ ఆలోచించలేదు. అవ్వ ఆ బండి ఎప్పుడూ ఎక్కింది కాదు కనుక ఆమెకు ఆ మాత్రం కూడా తెలియదు.

వానలు ఇంకా పడలేదు. ఆ రోజు ప్లేడే, అంటే బాయికి సెలవు రోజు. మా బాపు ఇంటి కప్పు మీద పగిలిన గూనపెంకులు మార్చడానికి పొద్దున్నే ఎక్కాడు. నేను కింద నుంచి పెంకులు అందిస్తున్నాను. అవ్వ పొయ్యి దగ్గర ఉంది. బాపు ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. పాట ఆగిపోయింది, వాసం విరిగిన చప్పుడు, పెంకుల చప్పుడు, ఆ తర్వాత ఇంకొక చప్పుడు. దాని గురించి నేను రాయను. బాపు వాకిట్లో వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి భయపడకు బిడ్డా అన్నాడు. ఒంటి మీద రక్తం కూడా పెద్దగా లేదు. లేవబోయాడు, లేవలేదు. మెడ కింద పెద్ద బండ పెట్టినట్టుందని అన్నాడు.

అన్నేళ్లు బండ కింద పని చేసి క్షేమంగా ఇంటికి వచ్చిన మనిషి, సొంత ఇంటి వాకిట్లో, పట్టపగలు, ఎండలో అలా పడిపోయాడు. అవ్వ మొదట ఏడవలేదు. నమ్మలేదు. బాయి నుంచి వస్తుందనుకున్న కబురు కప్పు మీది నుంచి వచ్చింది, అందుకు ఆమె సిద్ధంగా లేదు.

వాడంతా కూడింది. కంపెనీ దవాఖాన గోదావరిఖనిలో ఉంది. దారంతా గుంతలు, మొరం, ఎండిపోయిన వాగు, మధ్యలో బొగ్గు రైళ్లు పోయే పట్టాలు. ఎడ్లబండిలో తీసుకుపోతే పొద్దు గుంకుతుందని అందరూ ఒకే మాట అన్నారు. మా మామ మోటారు బండి పక్క సందులోనే ఉంది. ముందు రోజు నింపిన ఇసుక తొట్టిలో అలాగే ఉంది, తెల్లవారి ఎక్కడో దింపాలి. మామ ఏటికి స్నానానికి పోయాడు. ఒకరు ఆయన కోసం పరుగెత్తారు. మిగతావాళ్లు పారలు, తట్టలు పట్టుకుని బండెక్కి ఇసుక కిందికి తోడటం మొదలుపెట్టారు. పారలు లేనివాళ్లు చేతులతోనే తోడారు. అవ్వ కూడా కొంగు నడుముకు చుట్టి ఇసుక తోడింది. బండి తేలిక కావాలి, జల్దీ పోవాలి, మనిషిని పడుకోబెట్టడానికి చోటు కావాలి. అప్పుడు అక్కడున్న ఎవరిని అడిగినా అదే చెప్పేవారు.

మామ తడి బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. ముందు బాపు పక్కన కూర్చున్నాడు. ఆయన అరికాలు గట్టిగా గిల్లాడు. ఏమైనా తెలుస్తుందా అని అడిగాడు. బాపు కొంచెం సేపు ఆలోచించి, కాళ్లు నాయి కానట్టే ఉన్నయి బావా అన్నాడు. మామ ముఖం మారిపోయింది. వేళ్లు కదిలించమంటే బాపు చేతి వేళ్లు మెల్లగా కదిలించాడు. మామ ఆ వేళ్లనే చూస్తూ లేచాడు. బండి దగ్గరికి వచ్చి, ఇసుక తోడుతున్నవాళ్లను ఆపమన్నాడు. దించింది చాలు, మళ్లీ ఎక్కించండి అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఇసుక ఎందుకని ఎవరో గట్టిగానే అడిగారు. మామ ఒక పార లాక్కుని తానే పోయడం మొదలుపెట్టాడు. ఆయన మాటకు మొదటి నుంచీ కొంచెం నత్తి, కంగారులో అసలు మాట పెగిలేది కాదు. మా అవ్వ అక్కడే నిలబడిపోయింది. అన్న పోస్తున్న ఇసుక వైపు చూసింది, వాకిట్లో పడి ఉన్న మొగుడి వైపు చూసింది. అప్పుడు ఆమె నోటి నుంచి వచ్చిన మాటలు వాడంతా విన్నది.

"నా ఇంటాయిన పాణం మీదికొస్తె నీకు ఉసికె ముద్దాయెనా అన్నా? నీ బండి బొందల వడ. నీ ఉసికె బొందల వడ."

ఆడబిడ్డ నోటి నుంచి అన్నకు అలాంటి శాపం రాకూడదని మా వైపు గట్టిగా నమ్ముతారు. కూడిన ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. మామ చేతిలో పార ఒక్క క్షణం ఆగింది.

"అను చెల్లె, ఎంతన్న అను. గాని బావను ఉసికె మీదనే పండవెడ్త" అన్నాడు.

అని మళ్లీ పోశాడు. ఆయన తప్ప ఆ బండి తోలేవాళ్లు ఇంకెవరూ లేరు కనుక మిగతావాళ్లు కూడా గొణుక్కుంటూ ఎత్తిపోశారు. మధ్య మధ్య మామ బండి వెనక్కి పోయి, నేల మీద వంగి, చక్రాల మధ్యలోకి చూసి వచ్చేవాడు. ఇంకా పోయండి అనేవాడు. తన సరుకు పూర్తిగా ఎక్కిందా లేదా అని చూసుకుంటున్నాడని అందరూ అనుకున్నారు. ఒక ముసలాయన మనిషి పుట్టుక మీదే ఉమ్మేసినట్టు పక్కకు ఉమ్మేశాడు. మామ చూసింది కమాన్లను. వంపు తిరిగి ఉన్న ఆ పట్టీలు బరువుకు సాపుగా అయ్యేదాకా ఆయన ఆపలేదు.

తర్వాత మా ఇంటి తలుపు రెక్క ఊడదీయించాడు. బాపు మెడ, నడుము కదలకుండా పట్టుకుని, ఆ రెక్క మీదికి జరిపి, రెక్కను ఇసుక మీద పెట్టారు. తల రెండు వైపులా, నడుము రెండు వైపులా ఇసుక కూరి గొంగడి కప్పారు. అవ్వ పక్కన కూర్చుని కొంగు పరిచి ఆయన ముఖానికి నీడ పట్టింది. నేను కాళ్ల దగ్గర నీళ్ల చెంబు పట్టుకుని కూర్చున్నాను. మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, ముందు గదిలో మామ పక్కన కూర్చున్నాడు. మామ గది అద్దంలో నుంచి ఒకసారి వెనక్కి చూశాడు. అవ్వ ముఖం తిప్పుకుంది.

బండి కదిలింది. నేను అలవాటు కొద్దీ పలకను గట్టిగా పట్టుకున్నాను. ఆ దారిలో గుంతలన్నీ నాకు తెలుసు. బడికి పోయే దారి అదే. కల్లు దుకాణం ముందు గుంత వచ్చింది, పోయింది. పెద్ద వేపచెట్టు వేళ్లు దారికి అడ్డంగా ఉండే చోటు వచ్చింది, పోయింది. బండి కుంగేది, మెల్లగా లేచేది, అంతే. చెంబులో నీళ్లు అంచు దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోయేవి, ఒలికేవి కాదు. నేను బాపు ముఖం చూస్తున్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. అవ్వ ఇవేవీ చూడలేదు. ఆమె పళ్లు బిగించుకుని ఇసుక వంక చూస్తూ ఉంది. ఆ ఇసుక మీద ఆమెకు ఎంత కోపమో, పిడికిట పట్టి నలుపుతూనే ఉంది.

రైలు పట్టాల దగ్గర మామ బండి ఆపాడు. దిగి, పట్టాల పక్కన లోతుగా ఉన్న చోట చేతులతో మొరం ఎత్తిపోశాడు. కాలితో తొక్కి చూశాడు. మళ్లీ ఎక్కి, గొడ్డు నడిచినంత మెల్లగా పట్టాలు దాటించాడు. ఆలస్యం చేస్తున్నాడని అవ్వ నోట్లో నోట్లో తిట్టుకుంటూనే ఉంది. పట్టాలు దాటాక బాపు కళ్లు తెరిచాడు.

"బండి ఆగిందా?" అని అడిగాడు.

"లేదు, నడుస్తనే ఉన్నది" అన్నది అవ్వ.

బాపు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. బండి కదులుతున్న సంగతి ఆయనకు తెలియలేదు. అంత మెత్తగా పోయిందో, ఆయన ఒంటికి తెలిసే శక్తే పోయిందో, ఆ రోజు నాకు తెలియదు. రెండూ నిజమేనని తర్వాత తెలిసింది.

దవాఖానలో బాపును తలుపు రెక్కతో సహా లోపలికి తీసుకుపోయారు. మామ బయటే నిలబడ్డాడు. అవ్వ ఆయన పక్క నుంచి పోయింది కానీ పలకరించలేదు. కొంచెం సేపటికి మామ ఇసుక దింపి వస్తానని చిన్నబాపుకు చెప్పి బండి తీసుకుని పోయాడు. అది విన్న అవ్వ ఒక నవ్వు నవ్వింది. అలాంటి నవ్వు నేను ఆమె ముఖం మీద అంతకు ముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు. చూశావా బిడ్డా, ఇదీ రక్తసంబంధం అని నాతో అన్నది.

పొద్దు వాలే వేళకు మామ తిరిగి వచ్చాడు. మగవాళ్ల వార్డులో రాత్రికి ఆడవాళ్లు ఉండకూడదన్నారు. బాపు దగ్గర చిన్నబాపు ఉంటానన్నాడు. తలుపు లేని ఇల్లు వదిలి వచ్చాం, ఇంటికి పోక తప్పదు. అవ్వ మామ పక్కన కూర్చోనన్నది. వచ్చినట్టే వెనక తొట్టిలో ఎక్కింది, నన్నూ ఎక్కించుకుంది. తొట్టి ఊడ్చినట్టు ఖాళీగా ఉంది. మూలల్లో మాత్రం కొంచెం తడి ఇసుక అంటుకుని ఉంది.

చౌరస్తా దాటిన తర్వాత మొదటి గుంత తగిలింది. అవ్వ ఎగిరి పడింది. ఏదో అనబోయింది, ఇంకో గుంత తగిలి నాలుక కరుచుకుంది. నేను పలక పట్టుకోమని చెప్పాను. మామ ఎంత మెల్లగా తోలినా ఆ బండి తన్నడం ఆపలేదు. పొద్దున దాటిన గుంతలే, అదే దారి, అదే మనిషి తోలుతున్నాడు. రైలు పట్టాల మీద ఇద్దరం తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు పడ్డాం. అవ్వ మోచేయి గీరుకుపోయింది. రక్తం వస్తున్నా ఆమె చూసుకోలేదు. తొట్టి అడుగు పలక మీద అరచెయ్యి ఆనించి, ఏదో వింటున్నట్టు అలా ఉండిపోయింది. మరి కాసేపటికి పలక మీద దబదబ కొట్టి బండి ఆపించింది.

మామ దిగి వెనక్కి వచ్చాడు. దారి మీద ఇంకెవరూ లేరు. దూరంగా బాయి మీది పెద్ద చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పొద్దుగాల గిట్ల లేకుండె గదనే అన్నా" అన్నది అవ్వ.

మామ తల వంచుకుని, నత్తిని మింగుకుంటూ, ఒక్కొక్క మాటే చెప్పాడు.

"పొద్దుగాల ఉసికె ఉండె చెల్లె. కమాన్లు మోసుటానికి చేసినయి. మోసుటానికి ఏం లేకపోతె కూసున్నోళ్లనే తంతయి." అవ్వ మోచేతి రక్తం చూసి మళ్లీ అన్నాడు. "మీకోసం జరంత ఉంచవలసుండె. యాది మర్సిన."

అవ్వ అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచి రాని ఏడుపంతా ఒక్కసారే వచ్చింది. పలక మీది నుంచి వంగి అన్న మెడ పట్టుకుని, నా నోట్లె మన్నువడ, నా నోట్లె మన్నువడ అని అంటూనే ఉంది. మామ ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత మమ్మల్ని ముందు గదిలోకి ఎక్కించి ఇంటికి చేర్చాడు. ఆ రాత్రి తలుపు లేని గుమ్మంలో అడ్డంగా పడుకున్నది ఆయనే.

బాపు చాలా కాలం దవాఖానలోనే ఉన్నాడు. కదలకుండా తెచ్చారు కనుక చేతులు దక్కాయని, గట్టిగా ఇంకొక్క దెబ్బ తగిలి ఉంటే అవి కూడా పోయేవని, మనిషి దక్కడం కూడా అనుమానమేనని డాక్టరు చెప్పాడు. కాళ్లు మాత్రం తిరిగి రాలేదు. బాయి పని పోయింది. సైకిల్ గోడకు ఆనించి ఉండగానే తుప్పు పట్టింది. మా ఇంట్లో నవ్వు తగ్గిపోయింది, అన్నం కూడా తగ్గింది. అయినా ఆ చేతులు ఉన్నాయి. అవ్వ బీడీలు చుట్టేది. బాపు మంచం మీద ఆనుకుని కూర్చుని తునికాకు కత్తిరించి ఇచ్చేవాడు, తర్వాత చుట్టడం కూడా నేర్చుకున్నాడు. ఆడవాళ్ల పని చేస్తున్నానని తనను తానే ఎగతాళి చేసుకునేవాడు. పొద్దున్నే నన్ను మంచం పక్కన కింద కూర్చోబెట్టుకుని జడ వేసేవాడు. వదులుగా, వంకరగా వచ్చేది. బడిలో పిల్లలు నవ్వేవాళ్లు. నేను ఒక్కరోజు కూడా దాన్ని విప్పి మళ్లీ వేసుకోలేదు.

అవ్వ తన శాపాన్ని మరచిపోలేదు. మామ మాత్రం దాన్ని ఏనాడూ ఎత్తలేదు. మామ బండి ఏటికి పోయిన రోజు అది తిరిగొచ్చిన చప్పుడు వినేదాకా అన్నం ముట్టేది కాదు. ఒకప్పుడు బాపు సైకిల్ కోసం ఎదురుచూసిన కళ్లు అన్న బండి కోసం ఎదురుచూశాయి. ముసలి బర్రె అనే మాట ఆమె నోట మళ్లీ రాలేదు.

బాపు నాకు పెళ్లయిన తర్వాత పోయాడు. అవ్వను నేను మా క్వార్టరుకు తెచ్చుకున్నాను. మా ఆయన కూడా బాయి మనిషే. ఇక ఈమెకు కష్టం లేదు, కూర్చుని తింటుంది అని నేను సంతోషపడ్డాను. కానీ అవ్వ రోజురోజుకూ మొండిదైపోయింది. కూరలో ఉప్పు మీద కోపం, పక్కింటి కోళ్ల మీద కోపం, మా ఆయన బూట్ల మీద కోపం. నల్లా దగ్గర ఎవరితోనో గొడవ పడని రోజు లేదు. బాపును ఎత్తి కూర్చోబెట్టి, కడిగి, తినిపించి, బీడీలు చుట్టి, అన్నేళ్లు ఒక్క విసురు మాట అనని మనిషి ఈమేనా అనిపించేది. తట్టుకోలేక ఒకసారి మామకు కబురు పంపాను.

మామ అప్పటికి ముసలివాడయ్యాడు, బండి ఎప్పుడో పాత ఇనుముకు పోయింది. బస్సులో వచ్చి, నేను చెప్పిందంతా విన్నాడు. లోపల గిన్నెలు విసిరేస్తున్న చెల్లెలి వైపు చాలా సేపు చూశాడు.

"మీ అవ్వ మీదికెల్లి బరువు దిగిపాయె బిడ్డా. ఖాళీగ నడుస్తాంది, తంతది మరి. జర ఏదన్న ఎక్కియ్యి" అన్నాడు.

నా కొడుకు అప్పుడు చంటివాడు. ముసలిదానికి శ్రమ ఎందుకని అంతవరకూ వాణ్ని ఆమెకు ఎక్కువ ఇవ్వలేదు. ఆ రోజు వాణ్ని తీసుకుపోయి ఆమె ఒళ్లో పడేసి, నాకు తీరదు, వీడి సంగతి నువ్వే చూసుకో అన్నాను. అవ్వ నన్ను తిట్టింది. వాడు ఏడిస్తే వాణ్నీ తిట్టింది. అలా తిడుతూనే కాళ్లు చాపుకుని వాడికి నూనె రాసింది. పూర్తిగా మారిపోయిందని నేను చెప్పను, చివరి దాకా ఆమె నోరు ఆమెదే. కానీ ఆ ఇంట్లో మేము ఎగిరి పడటం తగ్గింది.

ఇప్పుడు నా వంతు వచ్చింది. మా ఆయన లేడు, పిల్లలు ఎవరి సంసారాలు వాళ్లవి. పొద్దున లేచి చూస్తే చెయ్యడానికి ఏమీ ఉండదు. కొన్ని రోజులు పాలవాడి మీద, పేపరువాడి మీద, గోడ మీద బల్లి మీద కూడా కోపం వస్తుంది. అప్పుడు పక్కింటికి పోతాను. అక్కడి కోడలు చంటిపిల్లను చంకనేసుకుని డ్యూటీకి పోయే తొందరలో ఉంటుంది. ఆ పిల్లను ఇటు ఇవ్వు అంటాను. మీకెందుకు అవ్వా కష్టం అంటూనే ఇస్తుంది. బలిసిన పిల్ల, బరువే. దాన్ని ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటే, నా నడుములో ఏదో మెల్లగా కుంగి సర్దుకున్నట్టు ఉంటుంది. పిల్ల నిద్రపోతుంది. ఆ నిశ్శబ్దంలో అప్పుడప్పుడు బాపు గొంతు వినిపిస్తుంది, ఇసుక మీద పడుకుని, కళ్లు తెరిచి, బండి ఆగిందా అని.

లేదు బాపూ, నడుస్తనే ఉన్నది.